జూలీ కీళ్లకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయించాలా?

ప్రశ్న: మా జూలీ లాబ్రడార్, ఆడది. పదేళ్లు నిండాయి, 38 కిలోలుంది. ఏడాదిగా పడుకుని లేవాలంటే అవస్థ పడుతోంది. ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగాయని, ఎడమవైపు ఎక్కువని చెప్పారు. నొప్పి మాత్రలిచ్చారు గానీ రోజూ వేస్తే కిడ్నీలు పాడవుతాయన్న భయంతో మరీ కుంటిన రోజున మాత్రమే వేస్తున్నాం. ఈమధ్య వెనక కాలి గోళ్లు నేలకి రాసుకుంటూ నడుస్తోంది. మేము వెళ్లే క్లినిక్‌లో కొవ్వు తీసి అందులోని మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, కీళ్లలోకి ఎక్కిస్తామంటున్నారు. తెలిసినవాళ్లలో ఒకావిడ తన కుక్క వారం తిరక్కుండా పరుగులు పెట్టిందని చెప్తోంది. ఇంకొకాయన డబ్బు దండగ, రవ్వంత తేడా కూడా లేదంటున్నాడు. ఎవర్ని నమ్మాలి? ఈ వయసులో దానికి మత్తిచ్చి ఇదంతా ఎందుకని మా ఆయన అంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి దాన్ని వదిలేస్తున్నామేమో అనిపించి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఒకవేళ చేయిస్తే మాత్రలు మానేయొచ్చా?

జవాబు: ముందే చెప్పేస్తాను, ఇప్పుడే వద్దు. అసలు వద్దని కాదు. ఓ మూడు నెలలు ఆగండి, ఆ మూడు నెలల్లో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి చేశాక కూడా జూలీ ఇలాగే ఉంటే అప్పుడు ఆ ఇంజెక్షన్ గురించి మాట్లాడుకోవడం న్యాయం. నేను పశువైద్యుణ్ని కాను, జూలీని చూడలేదు కూడా, కాబట్టి ఇక్కడ రాసేది మీ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే పనికొస్తుంది.

ముందు ఆ ఇద్దరి సంగతి. ఎవరిని నమ్మాలని అడిగారు. ఇద్దర్నీ నమ్మండి, ఇద్దరూ తాము చూసిందే చెప్తున్నారు. చిక్కల్లా ఎక్కడంటే, కుంటే కుక్కని ప్రేమగా చూసుకునే మనిషి కంటికి ఇంజెక్షన్ తరువాత బాగుపడినట్టు కనబడటం చాలా మామూలు విషయం, కుక్క నిజంగా బాగుపడకపోయినా సరే. ఇది ఎవర్నో తీసిపారేయడానికి అనే మాట కాదు, కొలిచి చూసిన సంగతి. 2012లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కీళ్లవాతం, అంటే కీళ్లు అరిగి వచ్చే నొప్పి, ఉన్న 58 కుక్కలకి మందు లేని ఉత్తుత్తి చికిత్స ఇచ్చి, అవి కాలు ఎంత బలంగా నేలమీద మోపుతున్నాయో నేలలో అమర్చిన యంత్రంతో కొలిచారు, అదే సమయంలో యజమానుల్నీ డాక్టర్లనీ ఎలా ఉందని అడిగారు. యంత్రం తేడా లేదన్నా సగానికి కాస్త ఎక్కువ సందర్భాల్లో యజమానులు మెరుగ్గా ఉందన్నట్టే చెప్పారు. డాక్టర్లు కూడా తక్కువేమీ తినలేదు, 40 నుంచి 45 శాతం దాకా వాళ్లూ అలాగే పడ్డారు. చదువుకున్న డాక్టర్లకే అలా అయితే ఇంట్లో రవ్వంత మార్పు కోసం రోజంతా దాని నడకనే చూస్తూ కూర్చునే మనకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

మూలకణాల మీద చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది, అందుకే ఈ రెండో అంకె మీరు గుర్తుపెట్టుకోవాలి. 2016లో 74 కుక్కల మీద ఒక పరీక్ష ఫలితం వచ్చింది. వేరే కుక్కల కొవ్వు నుంచి తీసిన మూలకణాలు కొన్నిటికి, ఉత్త సెలైన్ లాంటిది కొన్నిటికి కీలులోకి ఎక్కించారు, ఏ కుక్కకి ఏది వెళ్లిందో యజమానికీ తెలియదు, చూసే డాక్టర్‌కీ తెలియదు. మూలకణాలు అందినవాటిలో 79 శాతం యజమానులు మెరుగుపడిందన్నారు. బాగుంది కదా. కానీ ఏమీ లేని ఇంజెక్షన్ పడిన కుక్కల యజమానుల్లో కూడా 55 శాతం మంది మెరుగుపడిందనే అన్నారు. అంటే మందుకి నిజంగా కొంత బలం ఉంది, ఆ తేడాని కాదనలేం. అయితే మీకు తెలిసినావిడ కుక్క ఆ 79లో మందు వల్ల బాగుపడ్డ భాగంలో ఉందా, ఏమీ ఇవ్వకపోయినా బాగుందనిపించే 55లో ఉందా అన్నది ఆవిడ చెప్పలేదు, ఎవరూ చెప్పలేరు. ఒక్క కుక్క కథ నుంచి అది రాబట్టడం కుదరదు.

దీనికి తోడు ఇంకోటుంది. కీళ్లవాతం రోజూ ఒకేలా ఉండదు, ఎక్కువవుతుంది, తగ్గుతుంది. మనం క్లినిక్‌కి పరుగెత్తేది మరీ ఎక్కువైనప్పుడే. ఆ తరువాత ఏం చేసినా, ఏం చేయకపోయినా, కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ తగ్గడం మనం అప్పుడే చేసిన పని ఖాతాలో పడిపోతుంది. ఇంజెక్షన్ రోజున నొప్పి తెలియకుండా ఇచ్చిన మందులు, ఆ తరువాత కొన్నాళ్లు పెట్టించిన విశ్రాంతి, అదే ఊపులో మొదలుపెట్టిన ఫిజియోథెరపీ, కాస్త తగ్గించిన తిండి, ఇవన్నీ కూడా అదే ఖాతాలోకి వెళ్తాయి.

ఆవిడ చెప్పిన 'వారంలో పరుగులు' దగ్గర మాత్రం నాకు చిన్న అనుమానం. కీలులోకి ఏది ఎక్కించినా కొన్నాళ్లపాటు మెడకి గొలుసు కట్టి నెమ్మదిగా నడిపించమనే సాధారణంగా చెప్తారు, పరుగులు పెట్టనివ్వకూడదు. కాబట్టి వారానికే పరుగెత్తిందంటే అది మూలకణాల ఘనత అనుకోవడం కంటే, నొప్పి మందు ఇంకా పనిచేస్తుండగా కుక్కని వదిలేశారేమో అనుకోవడం నయం. ఇక డబ్బు దండగన్న పెద్దమనిషిని కూడా ఓ మాట అడగాల్సిందే: ఆయన కుక్కకి ఏ కీలు, ఎంత ముదిరింది, ఎక్కించింది మూలకణాలా, రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్లా, అసలు కుంటడానికి కారణం ఆ కీలేనా? ఆ చివరి ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబుండదు.

ఇకమీదట ఎవరి అనుభవం విన్నా ఆరు నెలల తరువాత ఎలా ఉందని అడగండి. రెండో వారం కథలు అందరూ చెప్తారు, ఆరో నెల కథ చెప్పేవాళ్లు తక్కువ. తుంటి కీళ్లవాతం ఉన్న కుక్కల్లో యంత్రంతో కొలిచిన ఒక అధ్యయనంలో మొదటి మూడు నెలల్లో కాలు మోపే బలం పెరిగి, ఆ తరువాత మెల్లగా మళ్లీ పాత స్థాయికి దిగింది. అంటే పనిచేసినా కొన్ని నెలలకి పనిచేసినట్టు, శాశ్వతంగా కాదు. అప్పుడు మళ్లీ వేయించాలా అన్న ప్రశ్న వస్తుంది. దానికి మీ దగ్గర జవాబు ముందే ఉండాలి.

ఇంతకీ ఆ చికిత్సలో జరిగేదేమిటి? పేరులో 'రీజనరేటివ్', అంటే మళ్లీ పుట్టించేది, అని ఉంటుంది కాబట్టి అరిగిన మృదులాస్థి, అదే కీలులో ఎముకల చివర్ల మీద ఉండే మెత్తటి పొర, మళ్లీ మొలుస్తుందని అనుకుంటాం, కొందరు క్లినిక్‌ల వాళ్లు ఆ అపోహని తీర్చడానికి పెద్దగా తొందరపడరు కూడా. ముదిరిన కీళ్లవాతం ఉన్న కుక్కలో ఆ పొర కొత్తగా వచ్చి కీలు పడుచు కుక్క కీలులా మారుతుందని ఆశ పెట్టుకోకండి. ఎక్కించిన కణాలు అక్కడ కాపురం పెట్టి కొత్త కీలు కట్టవు. చాలా వరకు కొద్దికాలంలోనే పోతాయి, పోయేలోపు వాపుని తగ్గించే రసాయన సంకేతాలు వదులుతాయి. వచ్చే మేలంతా ప్రధానంగా ఆ వాపు, నొప్పి తగ్గడం వల్లే. అది చిన్న మేలేం కాదు, నొప్పి తగ్గితే కుక్క కదులుతుంది, కదిలితే కండ నిలుస్తుంది, కండ నిలిస్తే కీలు మీద భారం తగ్గుతుంది. అయితే మంచి నొప్పి మందు కూడా అదే దారిలో పనిచేస్తుంది కదా, మీరు దాన్ని ఇంకా సరిగ్గా వాడనే లేదు. దాని దగ్గరికి వస్తాను.

మీ క్లినిక్ చెప్పింది సొంత కొవ్వు పద్ధతి. జూలీకి మత్తిచ్చి భుజం వెనకనుంచో, గజ్జల దగ్గరో, పొట్ట లోపలి నుంచో కాస్త కొవ్వు తీస్తారు. దాన్ని అదే రోజు శుద్ధి చేసి వచ్చిన కణాల మిశ్రమాన్ని ఎక్కించేవాళ్లున్నారు, ఆ మిశ్రమంలో అసలు మూలకణాలు కొద్ది శాతమే. ల్యాబ్‌కి పంపి కొన్ని వారాలు పెంచి, ఎక్కువ సంఖ్యలో తెచ్చి ఎక్కించేవాళ్లూ ఉన్నారు, అప్పుడు మత్తు రెండుసార్లవుతుంది, ఒకటి కొవ్వుకి, ఒకటి ఇంజెక్షన్‌కి. దాత కుక్కల నుంచి తీసి సిద్ధంగా ఉంచిన కణాలైతే కొవ్వు తీసే పని తప్పుతుంది. యూరప్‌లో 2022లో గుర్రం బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాల మందుకి, డాగ్‌స్టెమ్ అని దాని పేరు, కుక్కల తుంటి, మోచేయి కీళ్లవాతం కోసం అనుమతి ఇచ్చారు. ఇవన్నీ ఒకే పేరుతో చలామణీ అయ్యే వేర్వేరు వస్తువులు. ఒకదానితో వచ్చిన ఫలితం చూపించి ఇంకోటి అమ్మడం తేలిక, అందుకే మీ క్లినిక్‌లో ఇచ్చేది కచ్చితంగా ఏదో, దాని మీద కుక్కల్లో చేసిన పరీక్ష ఏదో అడగండి. సొంత కొవ్వు కణాల మీద ఎక్కువగా చెప్పుకునే పరీక్ష 2007 నాటిది, తుంటి కీళ్లవాతం ఉన్న కుక్కల్లోనే చేశారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ పడిన కుక్కలకంటే కణాలు పడినవి బాగున్నాయని తేలింది. కానీ మొత్తం కుక్కలు 21. ఆశ పుట్టించడానికి చాలు, హామీ ఇవ్వడానికి చాలదు.

పీఆర్‌పీ అని ఇంకో మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. కుక్క రక్తమే తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కించడం. కొవ్వు తీయక్కర్లేదు కాబట్టి కుక్కకి శ్రమ తక్కువ. 2013లో 20 కుక్కల మీద చేసిన పరీక్షలో 12 వారాల దగ్గర యంత్రం కొలతలో కూడా మెరుగు కనబడింది. మళ్లీ చిన్న పరీక్షే. పైగా రక్తాన్ని విడదీసే కిట్లు అన్నీ ఒకేలా పనిచేయవు, మనుషుల రక్తానికి తయారైనవి కుక్క రక్తంతో సరిగ్గా చిక్కబరచకపోవచ్చు. మీ క్లినిక్‌లో ఇది కూడా చేస్తే జూలీ వయసు చూస్తే ముందు దీని గురించే అడగమంటాను నేను.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. మీరు దాన్ని మధ్యలో ఎక్కడో మామూలుగా రాసేశారు. వెనక కాలి గోళ్లు నేలకి రాసుకుంటున్నాయన్నారు. తుంటి నొప్పి ఉన్న కుక్క అడుగు చిన్నగా వేస్తుంది, కుందేలులా రెండు వెనక కాళ్లూ కలిపి గెంతుతుంది, లేవడానికి బద్ధకిస్తుంది, కాలు పూర్తిగా ఎత్తకపోవచ్చు కూడా. కానీ గోళ్లు అరిగేలా పాదం ఈడ్వడం, పాదం పైభాగం మడతపడి నేలకి తగలడం లాంటివి కనబడితే నడుము దగ్గర నరాలు నొక్కుకుపోవడమో, వెన్నుపాము జబ్బో కాదని ముందు తేల్చుకోవాలి. అలాంటిది ఉంటే తుంటిలోకి ఎంత ఖరీదైన కణాలు ఎక్కించినా కాలు ఈడ్వడం ఆగదు, 'రవ్వంత తేడా లేదు' అన్న కథ మీ ఇంట్లో కూడా తయారవుతుంది. ముసలి కుక్కలో ఎక్స్‌రే తీస్తే ఎక్కడో ఓ చోట అరుగుదల కనబడుతూనే ఉంటుంది, కనబడిందే కుంటడానికి కారణమని అర్థం కాదు. డాక్టర్ చేత్తో ప్రతి కీలూ కదిపి ఎక్కడ నొప్పో చూడాలి, పాదం మడిచి వదిలితే ఎంత త్వరగా సర్దుకుంటుందో చూడాలి, మోకాలు కూడా పట్టి చూడాలి. లాబ్రడార్‌లలో మోకాలి లోపలి లిగమెంట్, అంటే ఎముకల్ని పట్టి ఉంచే కట్టు, తెగడం తరచూ జరిగేదే, అది తెగి కీలు వదులైపోతే ఇంజెక్షన్ కంటే ముందు ఆ వదులు సంగతి చూడాలి. ఈ పరీక్ష మాత్రం మూడు నెలలు ఆపకండి, ఈ వారంలోనే చేయించండి. నడుస్తున్నప్పుడు వెనకనుంచి తీసిన వీడియో, గోళ్ల ఫొటోలు పట్టుకెళ్లండి, క్లినిక్‌లో కంగారుకి చాలా కుక్కలు చక్కగా నడిచేస్తాయి.

నరాల సంగతి ఏమీ లేదు, తుంటి నొప్పే అని తేలిందనుకుందాం. అప్పుడు మాత్రల విషయం. మరీ కుంటిన రోజున మాత్రమే వేయడం వల్ల మిగతా రోజులు నొప్పి లేదని కాదు, కుంటేంత నొప్పి లేదని మాత్రమే. కుక్కలు నొప్పిని మూలిగి చెప్పవు, తక్కువ కదలడం ద్వారా చెప్తాయి, దాన్ని మనం ముసలితనం అని పేరుపెట్టి వదిలేస్తాం. నెలల తరబడి నొప్పి అలా సాగితే నరాలు కూడా మరీ సున్నితమై చిన్నదానికే పెద్దగా స్పందించడం మొదలుపెడతాయి. కిడ్నీల భయం ఊరికే పుట్టింది కాదు, కార్ప్రోఫెన్, మెలోక్సికామ్ లాంటి నొప్పి మందులు కడుపుకీ కిడ్నీకీ కాలేయానికీ ఇబ్బంది చేయొచ్చు. ఆ భయానికి మందు రక్తపరీక్ష. మొదలుపెట్టే ముందు ఒకసారి, తరువాత డాక్టర్ చెప్పిన వ్యవధిలో మళ్లీ. అవి బాగుంటే కొన్ని వారాలు క్రమం తప్పకుండా వేసి అప్పుడు ఎలా ఉందో చూడండి. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానేయడం కనబడితే ఆపి వెంటనే ఫోన్ చేయండి. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు, ఐబుప్రోఫెన్ లాంటివి, పొరపాటున కూడా వేయకండి, అవి కుక్కలకి విషంతో సమానం.

ఆ మందు పడకపోతే వేరేవి ఉన్నాయి. నొప్పికి నెలకోసారి వేసే బెడిన్‌వెట్‌మాబ్ ఇంజెక్షన్ కూడా అందులో ఒకటి, లిబ్రెలా పేరుతో వస్తుంది, యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి పొందింది. చాలామంది కుక్కల యజమానులు దాన్ని మెచ్చుకుంటారు. అయితే దాని తరువాత కొన్ని కుక్కల్లో తూలడం, ఫిట్స్ లాంటివి నమోదయ్యాయని 2024 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) పశువైద్యులకి లేఖ రాసింది. జూలీ కాలు ఈడుస్తోంది కాబట్టి ఆ ఇంజెక్షన్ మాట వస్తే ఈ సంగతి డాక్టర్‌కి గుర్తుచేయండి.

ఇక 38 కిలోలు. నొచ్చుకోకండి, మీ ఉత్తరంలో ప్రేమంతా ఆ అంకెలోనే ఉంది. ఆడ లాబ్రడార్ సాధారణంగా 25 నుంచి 32 కిలోల మధ్య ఉండాలి. బరువెక్కువై కుంటుతున్న కుక్కల మీద 2010లో చేసిన ఒక అధ్యయనంలో, ఒంటి బరువులో దాదాపు 6 శాతం తగ్గేసరికే కుంటడం తగ్గడం కనబడింది. జూలీకి 6 శాతం అంటే రెండు కిలోల పైచిలుకు. అంతే. దీనికి మత్తు లేదు, కోత లేదు, ఖర్చు లేకపోగా మిగులు. లాబ్రడార్‌ల మీదే 14 ఏళ్లపాటు సాగిన మరో అధ్యయనం ఉంది, 48 కుక్కపిల్లల్ని జతలుగా పెట్టి ఒకదానికి ఇంకోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ వచ్చారు. తక్కువ తిన్నవి సగటున 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లవాతానికి మందులు అవసరమయ్యేది కూడా ఆలస్యంగానే. గిన్నెలో పెట్టేది చేత్తో కాకుండా తూకం వేసి పెట్టండి, ఇంట్లో ఎవరెవరు ఏమేం చాటుగా పెడుతున్నారో కూడా తేల్చండి, అసలు లెక్క అక్కడే తప్పుతుంది. ఎంత తగ్గించాలన్నది డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించండి.

నేల జారకుండా అది తిరిగే దారిలో పట్టున్న చాపలు పరచడం, గోళ్లు కత్తిరించడం, మెట్లకి బదులు వాలుబల్ల పెట్టడం, ఆదివారం ఒక్కరోజే దూరం నడిపించి మిగతా వారమంతా పడుకోబెట్టకుండా రోజూ కొద్దికొద్దిగా నడిపించడం, వీలుంటే నీళ్లలో నడిపించే ఫిజియోథెరపీ. ఇవి మీకు తెలిసే ఉంటాయి, పెద్దగా చెప్పను.

ఈ మూడు నెలలూ రాసిపెట్టుకోవడం మాత్రం నేను చెప్పే వాటిలో ముఖ్యమైనది, ఎందుకంటే పైన చెప్పిన ఉత్తుత్తి మెరుగు బారిన పడకుండా మిమ్మల్ని కాపాడేది ఇదొక్కటే. జూలీకి ఇప్పుడు కష్టమైన పనులు మూడు ఎంచుకోండి, పడుకుని లేవడం, మూత్రానికి కూర్చోవడం, మెట్టు ఎక్కడం, ఏవైనా. వారానికోసారి ఒకే చోట, ఒకే వేళకి ఆ పనులు చేస్తుండగా వీడియో తీయండి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తయారుచేసిన 11 ప్రశ్నల నొప్పి పట్టిక ఒకటుంది, లివర్‌పూల్ వాళ్లది 13 ప్రశ్నలది ఇంకోటి ఉంది, మీ డాక్టర్‌ని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు, నెలకి రెండుసార్లు నింపండి. తరువాత ఆ వీడియోల్ని తేదీలు కనబడకుండా కలిపేసి మీ ఆయనకి చూపించండి, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని వరస పెట్టమనండి. ఆయనకి ఈ చికిత్స మీద నమ్మకం లేదు కాబట్టి అంతకంటే మంచి జడ్జి మీకు దొరకడు. రేపు నిజంగా ఇంజెక్షన్ వేయించినా ఇదే పద్ధతి, అప్పుడు ఆయనకి ఏ వీడియో ముందుదో ఏది తరువాతదో తెలియకూడదు. తెలియకుండానే తరువాతవాటిని పైన పెట్టాడంటే మీ జూలీకి ఆ మందు పనిచేసిందని నేను కూడా నమ్ముతాను.

మూడు నెలలయ్యాక బరువు తగ్గింది, మందు సరిగ్గా పడుతోంది, నరాల జబ్బు లేదని తేలింది, అయినా లేవలేకపోతోందంటే, లేదా రక్తపరీక్షలో కిడ్నీలో తేడా వచ్చి మాత్రలు వాడే వీల్లేకపోతే, అప్పుడు వేయించమనే చెప్తాను. మాత్రలు పడని ముసలి కుక్కకి ఈ దారి నిజంగా విలువైనది. అప్పుడు క్లినిక్‌లో గుచ్చి అడగాల్సినవి: ఎన్ని కీళ్లలోకి, ఎన్నిసార్లు, మత్తు ఎన్నిసార్లు, మత్తుకి ముందు గుండె, రక్తం పరీక్షలు చేస్తారా, కణాలు ఎవరు సిద్ధం చేస్తారు, అవి బతికే ఉన్నాయని ఎలా చూస్తారు, మీ దగ్గర ఈ చికిత్స చేయించుకున్న కుక్కల్లో పనిచేయనివి ఎన్ని. ఆఖరి ప్రశ్నకి 'అన్నిటికీ పనిచేసింది' అన్న జవాబొస్తే లేచి వచ్చేయండి. జూలీకి ఎక్కడైనా గడ్డ ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా దాచకుండా చెప్పండి, క్యాన్సర్ ఉన్న కుక్కకి సాధారణంగా ఇది చేయరు.

మీ ఆయన మాట గురించి. ఈ వయసులో మత్తెందుకన్నది అర్థం లేని ప్రశ్న కాదు, డాక్టర్‌ని మీరూ అదే అడగాలి. వయసు ఒక్కటే చూసి మత్తు ఇవ్వకూడదని ఎవరూ అనరు, పరీక్షల్లో గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయన్నది చూస్తారు. అంతేగానీ ఆయన అడిగినంత మాత్రాన ప్రేమ లేనట్టూ కాదు, మీరు వేయించనంత మాత్రాన జూలీని వదిలేసినట్టూ కాదు. ఖరీదైన చికిత్సకి ఒక చెడ్డ గుణం ఉంది, అది చేయించకపోతే ఏమీ చేయనట్టే అనిపిస్తుంది. రోజూ తూకం వేసి తిండి పెట్టడం, వేళకి మాత్ర వేయడం, చాప పరచడం, ఇవి ఎవరికీ గొప్పగా చెప్పుకునేవి కావు. జూలీ తుంటికి మాత్రం వీటిలో ఏది ఖరీదైందో తెలియదు. అన్నట్టు, ఇంజెక్షన్‌కి అప్పు చేయాల్సి వస్తుందా అన్నది మీరు రాయలేదు. చేయాల్సి వస్తే నా సలహా వద్దనే.

చివరిగా మాత్రలు మానేయొచ్చా అన్నారు. మీ అంతట మీరు మానకండి. పీఆర్‌పీ అయితే ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచేయడం కోసం ముందూ వెనకా కొన్నాళ్లు ఈ రకం నొప్పి మాత్రలు ఆపమని చాలామంది డాక్టర్లు చెప్తారు, ఆ రోజుల్లో నొప్పికి బదులుగా ఏమిస్తారో ముందే అడిగి పెట్టుకోండి. ఇంజెక్షన్ అయిన ఒకటి రెండు రోజులు కీలు కాస్త వాచి, కుంటడం ఎక్కువ కావచ్చు, అది మామూలే. ఆ తరువాత కూడా తగ్గకుండా పెరుగుతున్నా, కాలు అసలు కింద పెట్టకపోయినా, జ్వరమొచ్చి తిండి మానేసినా అది కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, రాత్రయినా సరే పొద్దున్నదాకా ఆగకుండా తీసుకెళ్లండి. అన్నీ సవ్యంగా ఉంటే నెలా రెండు నెలల తరువాత వీడియోలు చూసుకుని, డాక్టర్‌తో మాట్లాడి మోతాదు కొంచెం కొంచెం తగ్గించి చూడొచ్చు. కొన్ని కుక్కలకి పూర్తిగా మానేసే అవకాశం వస్తుంది, కొన్నిటికి సగం సరిపోతుంది, కొన్నిటికి మోతాదు మారదు.